రక్తపిశాచి సినిమాలు చూశాక నిద్ర పడుతుందా?

"రాత్రిపూట ఒక్కరే కూర్చొని డ్రాకులా సినిమాలు చూసేవాళ్లకు తర్వాత నిద్రెలా పడుతుంది?" అని అడిగారు. నాకైతే బ్రహ్మాండంగా పడుతుంది. ఎందుకంటే రక్తపిశాచి అంత పద్ధతి గల మనిషి (మనిషే అనుకుందాం) ఇంకొకడు లేడు. 1897లో బ్రామ్ స్టోకర్ తను రాసిన 'డ్రాకులా' నవలలోనే రూలు పెట్టాడు: ఇంట్లోవాళ్లు ఎవరైనా రమ్మంటే తప్ప వాడు మొదటిసారి గడప దాటలేడు. హనుమకొండలో మా ఇంటికొచ్చే కోతులకు ఆపాటి మర్యాద కూడా లేదు. వంటింటి కిటికీలోంచి దూరి, ఫ్రిజ్ తెరిచి, టమాటాలన్నీ తలా ఒక కొరుకు కొరికి పారేసి పోతాయి.

మన దయ్యాలూ పద్ధతి గలవే. నా చిన్నప్పుడు మా వాడకట్టులో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. దయ్యం రావాలి, చదవాలి, సరేనని పోవాలి, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకొని పోవాలి. మా వాడలో ముసలివాళ్లు చాలామందికి సంతకం కూడా రాదు, దయ్యానికి మాత్రం చదువొచ్చు! దాన్ని ఏ బడిలో ఏసిన్రు అని నాయనమ్మను అడిగితే "నోరు మూసుకొని పండుకోరా" అంది.

ఇక ఎల్లిగడ్డ. అది పడదంటే డ్రాకులాకు ఓరుగల్లులో పని లేనట్టే. ఎండాకాలం మామిడికాయ తొక్కులో అల్లం, ఎల్లిగడ్డ ముద్ద దండిగా పడుతుంది. ఆ తొక్కుతో అన్నం తిన్నవాడి మెడ దగ్గరికి ఎవడొస్తాడు? సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు వచ్చాడా, మిర్చి ఘాటుకు తుమ్మలేక చావాలి.

ఎండ తగిలితే చస్తాడన్న మాట మాత్రం నవలలో లేదు. అందులో డ్రాకులా పగలూ తిరుగుతాడు, కాకపోతే శక్తులు తగ్గుతాయి. వాణ్ని సూర్యకాంతితో చంపింది 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు'. తమాషా ఏంటంటే, అందులో రాత్రి సీన్లు పగలే తీసి ఫిల్ముకు నీలం రంగు వేశారు. ఆ రంగు లేని ప్రింటులో, ఎండకు చచ్చేవాడే పట్టపగలు శవపేటిక చంకన పెట్టుకొని వీధిలో పోతుంటాడు. మే నెలలో వరంగల్‌లో మనం కూడా ఆ సాహసం చేయం. పరదాలు మూసుకొని పొద్దుగూకాకే బయటికొస్తాం.

నాకు గుండె ఆగినంత పనైంది ఒక్కసారే, అదీ సినిమా వల్ల కాదు. కరెంటు పోయింది, నేనూ పడుకున్నా. అర్ధరాత్రి దాటాక వంటింట్లోంచి ఒకటే గర్జన. పప్పు రుబ్బుతుండగా కరెంటు పోతే, మా ఇంట్లో మిక్సీ స్విచ్ అట్లాగే వదిలేశారు. ఆ పిండి గోడకెట్లా అంటిందో ఏ హారర్ డైరెక్టరూ తీయలేడు.

మీరు కొత్తగా మొదలుపెట్టేవారైతే బెలా లుగోసి నటించిన 1931 'డ్రాకులా' చూడండి. గంటంబావులో అయిపోతుంది, కోరలు కూడా కనిపించవు. యూరప్‌లోని ట్రాన్సిల్వేనియాలో ఉన్న డ్రాకులా కోటలో ఆర్మడిల్లోలు (ఒంటి మీద గట్టి పెంకుండే జంతువులు) పాకుతుంటాయి. అవి అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవు. డ్రాకులా కన్నా నాకు వాటి మీదే అనుమానం ఎక్కువ.