ఎప్పుడు, ఎక్కడ అన్నది వదలకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం నాలుగో పేరా దగ్గర నాకు కోపం వచ్చింది. "సూక్ష్మజీవి కనపడగానే తెల్ల రక్తకణంలో ఎలాస్టేజ్ జన్యువు మేలుకుని ఎంజైమును తయారుచేస్తుంది" అన్నావు. అలా జరగదమ్మా. న్యూట్రోఫిల్, అంటే నువ్వు చెప్పిన ఆ తెల్ల రక్తకణం, రక్తంలోకి వచ్చేసరికే ఆ జన్యువు పని ముగిసిపోతుంది. ప్రోటీన్లను ముక్కలు చేసే ఆ ఎంజైము తయారయ్యేది ఎముక మజ్జలో, కణం ఇంకా ప్రోమైలోసైట్ అనే లేత దశలో ఉండగా. పీయూ.1, సీ/ఈబీపీ, మిబ్ లాంటి ప్రోటీన్లు జన్యువుకు మీట లాంటి ప్రోమోటర్ మీద చేరితే జన్యువు నడుస్తుంది, కణం ముదిరితే ఆగిపోతుంది. పండక్కి ముందే అరిసెలు వండి డబ్బాకెత్తినట్టు, ఎంజైము కణంలోని చిన్న సంచుల్లో, అంటే గ్రాన్యూల్స్‌లో, నిల్వ ఉంటుంది.

19వ క్రోమోజోము, ఐదు ఎక్సాన్లు (జన్యువులో చివరిదాకా ఉంచే ముక్కలు), నాలుగు ఇంట్రాన్లు (మధ్యలో కత్తిరించేసే ముక్కలు), అన్నీ సరిగ్గానే రాశావు. అజురోసిడిన్, ప్రోటీనేజ్-3 జన్యువులు దాని పక్కనే ఉన్నాయనీ రాశావు. ఆ మూడూ ఒకే దశలో పనిచేస్తాయన్న అసలు సంగతి మాత్రం వదిలేశావు. జన్యువు ఎలా ఉందో చెప్పి, ఎప్పుడు పలుకుతుందో చెప్పకపోతే పాఠకుడికి దక్కేది చిరునామా మాత్రమే.

నా తొలిరోజుల్లో ఒక సంపాదకుడు "ప్రోమైలోసైట్" అన్న మాట కొట్టేసి "కణం" అని వేశాడు. జనానికి అర్థం కాదట! ఆ ఒక్క మాటతో దశ పోయింది, వ్యాసం ప్రాణం పోయింది. ఆ మాట కోసం నేను పడ్డ పాట్లు ఆయనకేం తెలుసు? ఒక పెథాలజిస్టును బతిమాలి మజ్జ స్లైడు చూశాను. పెద్ద గుండ్రటి కేంద్రకం, చుట్టూ ఎర్రటి ఊదారంగు గ్రాన్యూల్స్. ఇప్పటి ఫ్యాషన్ ఇంకా ఘోరం: ప్రతి తెల్లకణమూ సైనికుడే, ప్రతి వ్యాసమూ యుద్ధమే.

ఎలాస్టేజ్ జన్యువులో మార్పులే సైక్లిక్ న్యూట్రోపీనియా అనే జబ్బుకు కారణమని 1999లో తేలింది. దాదాపు 21 రోజులకోసారి న్యూట్రోఫిల్స్ పడిపోతాయి, జ్వరం, నోటిపుళ్లు వస్తాయి. ఎలాస్టేజ్ బొత్తిగా లేని ఎలుకల్లో మాత్రం న్యూట్రోఫిల్స్ సంఖ్య మామూలుగానే ఉంది. అంటే ఎంజైము లేకపోవడం కాదు, వంకరగా మడతపడ్డ ప్రోటీన్ తయారవుతున్న చోటే కణాన్ని దెబ్బతీస్తోందని ఎక్కువమంది భావిస్తున్నారు. అందుకే జబ్బు మజ్జలో మొదలవుతుంది. నీ వ్యాసం ఇక్కడినుంచి మొదలవ్వాలి.

ఆ జ్వరం వచ్చిన పిల్లాడి పేరా బాగుంది, దాన్ని ముందుకు జరుపు. యుద్ధం మాటలన్నీ తీసెయ్. తిరగరాశాక పత్రికకు పంపేముందు నాకు పంపు.