ఆఫీసులో పిల్లల గది అడగబోయే ముందు

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. వచ్చే నెల నువ్వు మళ్లీ డ్యూటీలో చేరాలి, బాబుకి అప్పటికి ఏడో నెల వస్తుంది, మీ అత్తగారు నర్సీపట్నం వదిలి రాలేరు, మీ అమ్మకి మోకాళ్లు సహకరించవు. "ఆఫీసులోనే పిల్లల గది పెట్టమని అడుగుతానంటోంది అక్కా, ఉన్న ఉద్యోగానికే ఎసరొస్తుందేమో" అని దాని టెన్షన్. ఏమీ కాదు, అడుగు. కాకపోతే నేను ఒకసారి తప్పుగా అడిగి మూడేళ్లు పోగొట్టాను. అది నీకు జరక్కూడదని రాస్తున్నాను.

విశాఖలో దువ్వాడ వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో, ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని, నీకు గుర్తుండే ఉంటుంది. లైన్లో కుట్టే ఆడపిల్లలకి మధ్యాహ్నం అయ్యేసరికి జాకెట్లు పాలతో తడిసిపోయేవి. పైన తువ్వాలు కప్పుకుని మిషన్ ముందు కూర్చునేవాళ్లు. చూడలేక, చట్టం పుస్తకం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ప్రకారం, ముప్పై మంది కంటే ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకి గది ఉండాలని చదివి వినిపించాను. ఆయన కాదనలేదు. నెల తిరక్కుండా గది వచ్చింది. జనరేటర్ పక్కన, అంతకుముందు అట్టపెట్టెలు పడేసిన గది. తలుపుకి బోర్డు, లోపల ఒక ఉయ్యాల. ఆయాగా వేసిన మనిషినే ఊడ్చే పనికీ పిలిచేవారు. కరెంటు పోయినప్పుడల్లా గదంతా డీజిలు వాసన. ఇద్దరు తల్లులు రెండు వారాలు పిల్లల్ని తెచ్చి మానేశారు. "గది ఇచ్చినా వాళ్లకే అక్కర్లేదు కదా మేడమ్" అన్నారు మేనేజరు. మళ్లీ మూడేళ్లదాకా నేను ఆ ఊసెత్తలేకపోయాను. గది అడిగాను, గది ఇచ్చారు. పిల్లల్ని ఎవరు చూస్తారో నేను అడగనే లేదు.

అందుకే నువ్వు ఆయా దగ్గర్నుంచి మొదలుపెట్టు. ఆ మూడేళ్ల తర్వాత రెండోసారి గది పెట్టినప్పుడు మాకు కూర్మన్నపాలెం నుంచి ఒకావిడ ఆయాగా వచ్చింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, కాస్త చదవడం రాయడం వచ్చు. ఆవిడ గోడకి ఒక పలక తగిలించింది. ఏ బిడ్డ ఎన్ని గంటలకి పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, విరేచనం ఎలా అయింది, అన్నీ సుద్దతో రాసేది. టీ బ్రేక్‌లో తల్లులు పరిగెత్తుకొచ్చి ముందు పలక చూసి, ఆ తర్వాత పిల్లాణ్ణి ఎత్తుకునేవాళ్లు. ఆ పలక చూశాకే మిగతావాళ్లు తమ పిల్లల్ని తేవడం మొదలుపెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్లలోపు పిల్లలు పది మందికి ఒక ఆయా అని ఉంది, తోడుగా సహాయకురాలు. నన్నడిగితే ఏడాదిలోపు పసివాళ్లు ఒక మనిషికి నలుగురికి మించకూడదు. ఒక్క ఆయాతో మాత్రం ఒప్పుకోవద్దు. ఆవిడకి జ్వరమొచ్చిన రోజు గది మూతపడితే ఆ రోజు ఎనిమిది మంది సెలవు పెడతారు, ఆ మర్నాడే ఆఫీసు వాళ్లకి విసుగు మొదలవుతుంది. జీతం మంచిగా ఇవ్వాలి, పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, ఊడ్చే పని చెప్పకూడదు. ఈ మూడూ కాగితం మీద పెట్టించు.

ఇక లెక్క. పిల్లలున్న వాళ్లెందరు అని అడిగితే చాలదు, నిజంగా తెచ్చేవాళ్లెందరో తేలాలి. మీ ఆఫీసు రుషికొండ కొండ మీద. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి వచ్చేవాళ్లు పసిబిడ్డని చంకనేసుకుని ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి రోజూ తేలేరు. వాళ్లని లెక్కలో వేసుకుంటే మొదటి నెలలోనే గది బోసిగా కనిపిస్తుంది. మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ, కొమ్మాది, ఎంవీపీ కాలనీ వాళ్లని విడిగా అడుగు. మగవాళ్లనీ అడుగు తల్లీ. భార్య ఇంకో చోట ఉద్యోగం చేసే తండ్రులు ఎంతమంది బయటపడతారో చూస్తే నీకే ఆశ్చర్యమేస్తుంది. పేరు రాయనక్కర్లేదు, బిడ్డ వయసు, ఇల్లు ఎక్కడ, ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, ఈ మూడూ చాలు. లెక్క తక్కువ తేలితే పక్క కంపెనీల వాళ్లని కలుపుకోండి. నాలుగు ఆఫీసులు కలిసి ఒక గది పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఖర్చూ పంచుకోవచ్చు.

గది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే అడుగు. ఒక్కో బిడ్డకి పది పన్నెండు చదరపు అడుగులైనా ఉండాలి, నీళ్లు, చిన్న పిల్లలకి సరిపడే బాత్రూమ్ ఉండాలి. సముద్రం కనిపించే అద్దాల గది ఇస్తామంటే మురిసిపోకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో అద్దాల భవనాలు ఎలా అయిపోయాయో మనం చూశాం.

కాగితం ఒక్క పేజీ దాటకూడదు. గత రెండేళ్లలో ప్రసూతి సెలవు తర్వాత మీ టీముల్లో ఎంతమంది రిజైన్ చేశారో, వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లు పని అందుకోవడానికి ఎన్ని నెలలు పట్టిందో పై నుంచి రెండో లైన్లో రాయి. ఇరవై ఆరు వారాలు జీతమిచ్చి సెలవిచ్చాక మనిషి తిరిగి రాకపోతే కంపెనీకి ఎంత నష్టమో ఫైనాన్స్ వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. గది ఖర్చు, ఇద్దరి జీతాలు, కెమెరాలు దాని కింద. చట్టం చిట్టచివర, ఒకే వాక్యం. ఆడా మగా అందరూ కలిపి యాభై మంది ఉద్యోగులుంటే పిల్లల గది సదుపాయం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే యాభై. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఆ మాట వాళ్ల కంట పడితే చాలు, నువ్వు నోటితో అనక్కర్లేదు.

ఒంటరిగా వెళ్లకు. ముగ్గురు వెళ్లండి, అందులో ఒక తండ్రి ఉండాలి. ఏడాది లెక్కలు ముగించే మార్చి నెలాఖరులో ఆ ఊసే ఎత్తొద్దు. హెచ్‌ఆర్ కంటే ముందు అడ్మిన్ ఆయన్ని కలుపుకో, ఖాళీ గదుల సంగతి ఆయనకే తెలుసు.

"బిడ్డకి ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అని తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, చిన్నబుచ్చుకోకు. దగ్గర్లో డాక్టరు నంబరు, తల్లీ తండ్రీ సంతకం లేకుండా బిడ్డని ఎవరికీ ఇవ్వని రిజిస్టరు, జ్వరమున్న బిడ్డని తేకూడదన్న నియమం, ఇవన్నీ ముందే రాసి చూపించు. "గది ఎందుకు, నెలకి ఇంత డబ్బిస్తాం" అంటే మాత్రం అక్కడ మెత్తబడొద్దు. నీకు కావలసింది నమ్మకమైన మనిషి. డబ్బు చేతిలో పెట్టుకుని అలాంటి మనిషి కోసం మీ అమ్మ రెండు నెలలుగా వెతుకుతూనే ఉంది.

సరేనన్నాక, "మీరు ఒప్పుకున్న విషయాలు ఇవి" అని ఆ సాయంత్రమే మెయిల్ పెట్టు. నెలకోసారి తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకునే రోజు కూడా అందులోనే చేర్చు.

ఆ ఒక్క పేజీ ఆదివారంలోగా రాసి నాకు వాట్సాప్‌లో పంపు. మీ గ్రౌండ్ ఫ్లోర్‌లో జనరేటర్ ఏ వైపు ఉందో కూడా చూసి చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ