మీ ప్రశ్నకు జవాబు: పేరు చివర ‘బాటమ్’

ప్రశ్న: ఇంగ్లండ్ తరఫున క్రికెట్ ఆడిన ర్యాన్ సైడ్‌బాటమ్ పేరు వింటే మా కుర్రాళ్లంతా నవ్వేవారు. అలాంటి ఇంటిపేరు ఎవరైనా ఎందుకు పెట్టుకుంటారు? ఇయాన్ బోథమ్ పేరుతో దీనికి చుట్టరికం ఉందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

చుట్టరికం పేర్లకే, మనుషులకు కాదు. పాత ఇంగ్లీషులో ‘బాట్మ్’, ‘బోథ్మ్’ అని ఒకే మాటకు రెండు రూపాలుండేవి. కొండల నడుమ లోయలో ఉండే పల్లపు నేలను అలా అనేవారు. మొదటి రూపం సైడ్‌బాటమ్‌లో, రెండోది బోథమ్‌లో మిగిలాయి. కుర్రాళ్లను నవ్వించే ‘పిరుదులు’ అనే అర్థం 18వ శతాబ్దం చివర్లో గానీ రాలేదు. అప్పటికి ఈ ఇంటిపేర్లు స్థిరపడి నాలుగైదు వందల ఏళ్లయింది.

‘సైడ్’ అన్నది కూడా పక్క కాదు. ‘సీద్’ అంటే విశాలమైన అని. చెషైర్‌లో వెడల్పాటి పల్లంలో కాపురమున్నవాళ్లకు ఆ నేల పేరే ఇంటిపేరైంది. ఎథరో నది ఒడ్డున బ్రాడ్‌బాటమ్ అనే ఊరు ఇప్పటికీ ఉంది, దానికీ అదే అర్థం. 19వ శతాబ్దంలో స్టేలీబ్రిడ్జ్ నుంచి పార్లమెంటుకు వెళ్లిన టామ్ హారప్ సైడ్‌బాటమ్‌ది ఆ చుట్టుపక్కల ప్రాంతమే.

ఈ బాపతు పేర్లు లాంకషైర్, చెషైర్, యార్క్‌షైర్ కలిసే పెనైన్ కొండల దగ్గరే గుంపుగా కనిపిస్తాయి. అక్కడ జనం పెద్ద ఊళ్లలో కాకుండా లోయకొక కమతంగా విడివిడిగా బతికారు. మనిషిని గుర్తుపట్టాలంటే ఆ కమతం పేరే ఆధారం. చలికాలంలో పశువులను మేపుకునే పల్లం వింటర్‌బాటమ్. రామ్స్‌బాటమ్‌లో ఉన్నది పొట్టేలు అని కొందరు, అడవి వెల్లుల్లి అని కొందరు పండితులు అంటారు. షఫుల్‌బాటమ్‌కు మూలం గొర్రెల ఊట ఉన్న లోయ.

ఒక పొరపాటు మాత్రం తరచూ చూస్తుంటాం. బోథమ్ చివర ‘హామ్’ ఉంది కదా, నాటింగ్‌హామ్‌లా అది ఊరేనని రాసేస్తారు. నాటింగ్‌హామ్‌లోది నివాసం అని అర్థమున్న వేరే మాట.

ప్రశ్న: మేం బ్రిటన్‌లో స్థిరపడ్డాం. మా కోడలి పుట్టింటివాళ్లు హిగిన్‌బాటమ్‌లు. మనవరాలి కోసం వాళ్ల వంశవృక్షం గీస్తుంటే 1850ల దగ్గర ఆగిపోయింది. అంతకు వెనక్కి వెళ్లేదెలా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

మద్రాసులో 1844లో ఏబెల్ జాషువా హిగిన్‌బోథమ్ మొదలుపెట్టిన పుస్తకాల దుకాణం వల్ల ఈ పేరు మనకు కొత్త కాదు, రైల్వే ప్లాట్‌ఫాం మీద కూడా చూసిందే. బోల్టన్ దగ్గరి ఓకెన్‌బాటమ్, అంటే ఓక్ చెట్ల పల్లం, దీనికి మూలమని ఎక్కువమంది ఒప్పుకునే మాట. హిగిన్ అనే మనిషి పేరు నోట్లో నానినది కావడంతో జనం ‘ఓకెన్’ను అలా మార్చేశారు.

మీరు ఆగిపోవడానికి కారణం బహుశా స్పెల్లింగే. సంతకం రానివాళ్ల పేరును గుమాస్తా తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. ఒకే మనిషి బాప్టిజంలో హెగిన్‌బోథమ్, పెళ్లిలో హికిన్‌బాటమ్ కావచ్చు. ఒకేలా వినిపించే పేర్లన్నిటికీ ఒకే కోడ్ ఇచ్చే సౌండెక్స్ పద్ధతితో వెతికితే ఇవన్నీ హెచ్251 కింద ఒకేచోట వస్తాయి. ఓకెన్‌బాటమ్ మాత్రం ఓ251. మొదటి అక్షరం మారితే సౌండెక్స్ పట్టుకోలేదు కాబట్టి ‘ఓ’తో విడిగా వెతకాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లో జననాలు, పెళ్లిళ్లు, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. సూచిక మూడు నెలలకొకటి ఉంటుంది, అందులో లెక్క నమోదైన తేదీదే. పుట్టిన 42 రోజుల్లోపు నమోదు చేయించొచ్చు గనుక మార్చిలో పుట్టిన బిడ్డ జూన్ త్రైమాసికంలో ఉండొచ్చు. పాత సూచికలో తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే ఉంది. జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఆన్‌లైన్ సూచికలో మొదటినుంచీ ఇచ్చారు, అందుకే దాన్నే వాడండి.

ముందు 1851 జనాభా లెక్క పట్టుకోండి. పుట్టిన చర్చి పరిధి పేరు అందులో ఉంటుంది. 1841 లెక్కలో ఆ వివరం లేదు, పైగా 15 దాటినవాళ్ల వయసును అయిదుల్లోకి తగ్గించి రాశారు. 34 ఏళ్లవాడు 30 అయిపోతాడు. చాలామంది ఇక్కడే తప్పు మనిషిని తాతను చేసేస్తారు. చర్చి తెలిశాక దాని రిజిస్టర్లు చూడాలి. ఇవి 1538లో మొదలయ్యాయి, కానీ అన్ని చోట్లా మొదటి పుస్తకాలు మిగల్లేదు. పేజీ చిరిగిపోయిందా, 1598 నుంచి బిషప్‌కు ఏటా పంపిన నకళ్లు అడగండి.

ప్రశ్న: ‘మీ ఇంటిపేరు వంశచిహ్నం’ (కోట్ ఆఫ్ ఆర్మ్స్) అని ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. ఆ కోడలికే కానుకగా ఇవ్వొచ్చా?
– అదే పాఠకురాలు

గోడకు అలంకారమనుకుంటే కొనుక్కోండి. ఇంగ్లండ్‌లో ఇంటిపేరుకు చిహ్నం అంటూ ఉండదు. ఒక మనిషికి ఇస్తారు, అతని మగ సంతతి వరుసలో అది దిగివస్తుంది. అమ్మేవాళ్లు ఆ పేరున్న ఎవరో ఒకరి చిహ్నం తీసుకుని అందరికీ అంటగడతారు. నిజంగా హక్కుందేమో తేల్చాల్సింది 1484లో ఏర్పడిన, ఈ చిహ్నాల వ్యవహారం చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ సంస్థ. అక్కడ వెతికించడానికి ఫీజు ఉంటుంది, ఎంతో ముందే అడిగి తెలుసుకోండి.