బొల్లారం రాష్ట్రపతి నిలయం: కొద్ది రోజుల విడిదికి అంత స్థలం ఎందుకు?

హైదరాబాదు బొల్లారంలో, రాష్ట్రపతి ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే ఉండే ఇంటికి సుమారు 90 ఎకరాలు ఎందుకు, అక్కడ మనలాంటివాళ్లు చూడటానికి ఏముంది అని మీ ప్రశ్న. దగ్గర్లోని అల్వాల్‌లో ఉంటాను కాబట్టి అటువైపు తరచుగా వెళ్తుంటాను. చూడటానికి చాలానే ఉంది. మొదటి ప్రశ్నకు మాత్రం కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆ ఇల్లు రాష్ట్రపతి కోసం కట్టింది కాదు. నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధిగా ఉండే రెసిడెంటుకు అది విడిది. పేరుకు ప్రతినిధే గానీ పెత్తనం ఎవరిదో అందరికీ తెలుసు. ఆయన అసలు నివాసం కోఠీలో ఉండేది. ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో, ఎత్తయిన స్తంభాలతో కనిపించే భవనం అదే. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో ఆ రెసిడెన్సీపైనే దాడి జరిగింది. బొల్లారం భవనం కట్టింది 1860 ప్రాంతంలోనని చెబుతారు, అదీ సైనిక కంటోన్మెంటు పక్కన. రెండింటికీ సంబంధం ఉందనడానికి నా దగ్గర కాగితం లేదు. కానీ కోఠీలో తుపాకుల మోత విన్న దొరలకు సైన్యం పక్కన ఇల్లు ఉంటే నిద్ర బాగా పట్టి ఉంటుంది!

నాసిరుద్దౌలా నిజాం దీన్ని 1860లో కట్టించాడని చాలాచోట్ల రాస్తుంటారు. ఆయన 1857లోనే చనిపోయాడు. కాబట్టి ఆ పేరైనా తప్పు కావాలి, ఆ సంవత్సరమైనా తప్పు కావాలి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసి హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసినప్పుడు ఈ ఆవరణలోని ధ్వజస్తంభం మీద భారత జెండా ఎగిరింది. ఆ స్తంభానికి నమూనాగా 120 అడుగుల కర్ర స్తంభాన్ని ఈమధ్య మళ్లీ నిలబెట్టారు. ఆ తర్వాత ఈ భవనం రాష్ట్రపతికి దక్షిణాది విడిది అయింది. ఉత్తరాన సిమ్లా దగ్గర మషోబ్రాలోనూ ఇలాంటి విడిది ఉంది. సాధారణంగా డిసెంబరులో రాష్ట్రపతి హకీంపేట వైమానిక స్థావరంలో దిగి ఇక్కడికి వస్తారు. చుట్టుపక్కల రాష్ట్రాల కార్యక్రమాలకు ఇక్కడి నుంచే వెళ్తారు, గవర్నరు, ముఖ్యమంత్రి, ఇతర ప్రముఖులకు తేనీటి విందు ఇస్తారు. ఆ నాలుగు రోజులూ మా వైపు ట్రాఫిక్ సంగతి అడగకండి. అయినా దేశాధినేత ఏడాదికోసారైనా ఢిల్లీ వదిలి దక్షిణాదిలో మకాం వేయడం అనవసరమని నేను అనుకోను. కావలసిందల్లా మిగతా రోజుల్లో ఆ గేటు మనకు తెరిచి ఉండటం.

ఒకప్పుడు ఆ గేటు తెరిచేదే తక్కువ. రాష్ట్రపతి తిరిగి వెళ్లాక, జనవరిలో ఓ పక్షం రోజులు మాత్రం జనాన్ని తోటలోకి రానిచ్చేవారు. ఆదివారమైతే తిరునాళ్లే. 2023 మార్చి 22న, ఉగాది రోజున, ద్రౌపది ముర్ము దీన్ని ఏడాది పొడవునా సందర్శకులకు అందుబాటులోకి తెచ్చారు. అప్పటి నుంచి ఇంటి లోపలికీ వెళ్లి చూడవచ్చు.

రాజభవనాన్ని ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఒకే అంతస్తు, ఎత్తయిన పైకప్పులు, దర్బారు హాలు, భోజనాల గది, ఓ సినిమా హాలు, అంతే. నాకు అన్నిటికన్నా నచ్చింది సొరంగం. వంటిల్లు దూరంగా విడిగా ఉండటంతో, వంటలు భోజనాల గదికి చేర్చడానికి భూమి లోపల దారి తవ్వారు. దొరగారికి వంటవాళ్లు కనిపించకూడదు, వంట మాత్రం వేళకు అందాలి. ఇప్పుడు ఆ గోడల నిండా చేర్యాల బొమ్మలు వేశారు: ఎర్రటి నేపథ్యం మీద ఊరి మనుషులు, పెద్ద పెద్ద కళ్లు. మా అమ్మ ఆ దారిలో సగం నడిచి ఆగి, "ఇంత దూరం మోసుకొచ్చేసరికి పులుసు చల్లారిపోదూ?" అంది. ముందు నడుస్తున్న గైడు కూడా నవ్వేశాడు.

90 ఎకరాల్లో ఇల్లు ఆక్రమించింది కొంచెమే. మిగతాదంతా మామిడి, సపోటా, ఉసిరి తోటలు, ఔషధ మొక్కలు, రాళ్లగుట్టలు. పాత మెట్లబావులను బాగుచేశారు, వాటిని తప్పక చూడండి. అంత విలువైన చోట ఇన్ని చెట్లు మిగిలాయంటే రాష్ట్రపతి పేరు అడ్డుండబట్టే. లేకపోతే ఈపాటికి అపార్టుమెంట్లు లేచేవి.

సోమవారం సెలవు. రాష్ట్రపతి బస చేసినప్పుడూ సందర్శకులను అనుమతించరు కాబట్టి డిసెంబరులో వెళ్లేట్టయితే ముందే కనుక్కోండి. టికెట్టు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. మేడ్చల్ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు బొల్లారంలో ఆగుతుంది, అక్కడి నుంచి ఆటో ఎక్కవచ్చు. లోపల నడక ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే ఎండ ముదరకముందే వెళ్లండి.