న్యూజెర్సీలో సెక్షన్ 8 వోచర్‌తో ఇల్లు దొరకట్లేదన్నారు కదా

మాధవి గారూ, మీ అమ్మగారికి సెక్షన్ 8 వోచర్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సాయం) వచ్చి నెల దాటినా ఓనర్లు ‘సెక్షన్ 8 తీసుకోం’ అంటున్నారని రాశారు. న్యూజెర్సీలో ఆ కారణంతో ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధం. అలా చెప్పిన మెసేజ్‌లు దాచి, రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయండి. కానీ ఆ ఫిర్యాదు తేలేదాకా ఆ ఇల్లు మీకోసం ఖాళీగా ఉండదు.

ముందు గడువు సంగతి చూడండి. వోచర్‌తో ఇల్లు వెతుక్కోవడానికి మొదట కనీసం 60 రోజులు ఇస్తారు. అది అయిపోకముందే పొడిగింపు కావాలని హౌసింగ్ అథారిటీని (వోచర్ ఇచ్చిన ఆఫీసు) రాతపూర్వకంగా అడగండి. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి డాక్టర్ లెటర్ కూడా జత చేయండి.

ఇక వెతకాల్సింది టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లలో, అంటే ప్రభుత్వ పన్ను రాయితీతో తక్కువ ఆదాయం వాళ్లకోసం కట్టినవాటిలో. వోచర్ ఉందన్న కారణంతో వాళ్లు కాదనకూడదు. సీనియర్లకు విడిగా కట్టినవీ వాటిలో ఉంటాయి, వెయిటింగ్ లిస్ట్ ఉన్నా పేరు రాయించండి.

అద్దె చూసేటప్పుడు ఒక లెక్క: అద్దె, కరెంటు, గ్యాస్ కలిపి పేమెంట్ స్టాండర్డ్‌ని (సాయం లెక్కకి హౌసింగ్ అథారిటీ పెట్టుకున్న అద్దె పరిమితి) దాటితే, అందులో అమ్మగారి వాటా మొదట్లో సర్దుబాటు చేసిన నెల ఆదాయంలో (అనుమతించిన తగ్గింపులు పోగా మిగిలేది) 40 శాతం మించకూడదు. మించితే ఆ ఇంటిని ఆమోదించరు.

అన్నయ్య గారి ఇల్లే అద్దెకు తీసుకుందామనే ఆలోచన మానేయండి. కొడుకు ఓనర్ అయితే మామూలుగా కుదరదు, వైకల్యం ఉన్నవాళ్లకే మినహాయింపు. ‘పైన ఇంకో 200 డాలర్లు చేతికివ్వండి’ అనే ఓనర్ తగిలితే అసలు ఒప్పుకోకండి, వోచరే పోవచ్చు.