అమెరికాలో డచ్చి జమీందారులు

ప్రశ్న: మన బందరులో డచ్చివాళ్లు వ్యాపారం చేసుకున్నారు. అమెరికాలో మాత్రం జమీందారుల్లా ఊళ్లు ఏలారని చదివాను. నిజమేనా? దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా రైతులు వాళ్లకు శిస్తు ఎందుకు కట్టారు?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: నిజమేనండీ. ఇక్కడికొచ్చింది డచ్చి ఈస్టిండియా కంపెనీ, అక్కడికెళ్లింది వెస్టిండియా కంపెనీ. ఇప్పటి న్యూయార్క్ వైపు కాపురాలు పెట్టేవాళ్లు దొరక్క 1629లో అది ఒక ఆశ చూపింది: నాలుగేళ్లలో 50 మంది పెద్దవాళ్లను తెచ్చి దింపితే నది ఒక ఒడ్డున 16 మైళ్ల పొడవునా భూమి మీదే, అక్కడ కోర్టూ మీదే, అధికారులను వేసుకునేదీ మీరే. ఆ దొరలనే పట్రూన్లు అన్నారు. చాలామంది మధ్యలోనే చేతులెత్తేశారు. గట్టిగా నిలబడింది ఆల్బనీ చుట్టూ ఉన్న రెన్సలేర్ల ఎస్టేటు. దాన్ని స్థాపించిన ఆమ్‌స్టర్‌డామ్ నగల వ్యాపారి కిలియన్ వాన్ రెన్సలేర్ ఆ నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు!

1664లో ఇంగ్లీషువాళ్లొచ్చినా ఎస్టేటు పోలేదు, 1685లో వాళ్లే దానికి కొత్త పట్టా రాసిచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత ఆ ఎస్టేటు వారసుడు స్టీఫెన్ వాన్ రెన్సలేర్ తెలివిగా శాశ్వత కౌలు కాగితాలు రాయించాడు. మొదటి ఏడేళ్లు శిస్తు లేదు, ఆ తర్వాత వందెకరాలకు ఏటా 10 నుంచి 14 బుషెళ్ల గోధుమలు (బుషెల్ సుమారు 27 కిలోలు), నాలుగు బలిసిన కోళ్లు, బండీ గుర్రాలతో ఒకరోజు వెట్టి. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది, అవి రైతు సంతకం పెట్టిన ఒప్పందాలు కాబట్టి రాజు పోయినా అవి చెల్లుతూనే వచ్చాయి.

నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది నాలుగో వంతు షరతు. అడవి కొట్టి, రాళ్లేరి, ఇల్లూ కొట్టమూ కట్టుకున్న రైతు తన కౌలు హక్కును వెయ్యి డాలర్లకు అమ్ముకుంటే అందులో 250 దొరకే పోవాలి. ఆ ధర తెచ్చింది రైతు చెమటే కదా!

1839లో స్టీఫెన్ చనిపోయాక, తండ్రి అప్పులు తీర్చడానికి కొడుకులు ఏళ్లనాటి బకాయిలన్నీ కట్టమని పట్టుబట్టారు. రైతులు తిరగబడ్డారు. జప్తుకు షెరీఫ్ (జిల్లాలాంటి కౌంటీకి పోలీసు అధికారి) మనుషులొస్తే, భోజనానికి పిలవడానికి వాడే రేకు బూరలు ఊరూరా ఊదేవాళ్లు, వెంటనే పూల గుడ్డల గౌన్లు, గొర్రెతోలు ముసుగులు వేసుకుని గుంపులు దిగేవి. 1845లో డెలావేర్ కౌంటీలో ఒక వేలం దగ్గర అండర్ షెరీఫ్ ఆస్మన్ స్టీల్ కాల్పుల్లో చనిపోయాడు, దాంతో ప్రభుత్వం విరుచుకుపడింది. అయినా మరుసటి ఏడే న్యూయార్క్ కొత్త రాజ్యాంగం సాగుభూమిని 12 ఏళ్లకు మించి కౌలుకివ్వకూడదంది. పాత కౌళ్లు మాత్రం వెంటనే రద్దు కాలేదు. నాలుగో వంతు షరతు చెల్లదని అక్కడి పై కోర్టు చెప్పేసరికి 1852 వచ్చింది.