తని ఎంతసేపో ముందే అడుగు

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దసరా కచేరీ ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మృదంగం నువ్వు, గాత్రం, వయొలిన్ కూడా ఆడవాళ్లేనట. వాయించు. డబ్బులొస్తాయి, చెయ్యి ఆడుతుంది. కానీ ఆ తొమ్మిది రోజుల పిలుపుతో సరిపెట్టుకోకు. త్యాగరాజ ఆరాధనలకి, శ్రీరామనవమి పందిళ్లకి కూడా నువ్వే వెళ్లి అడుగు. అడగడం నామోషీ ఏం కాదు, మగపిల్లలు రోజూ చేసే పనే.

ఒప్పుకునేముందు పారితోషికం ఎంతో, తని ఆవర్తనం, అదే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే వంతు, ఎంతసేపో తేల్చుకో. నాకు ముప్పై ఏళ్లప్పుడు ఒక సభలో పాడే ఆయన నన్ను చూసి, నిర్వాహకుల్ని పక్కకి పిలిచి "తని వద్దులెండి, టైం లేదు" అన్నారు. టైం ఉంది. ఆ తర్వాత ఆయన తీరిగ్గా నాలుగు తుక్కడాలు, కచేరీ చివర్లో పాడే చిన్న పాటలు, పాడారు. నేను మృదంగం గుడ్డసంచిలో పెట్టుకుని బస్టాండ్ దాకా ఏడ్చుకుంటూ నడిచాను.

పాల్ఘాట్ మణి అయ్యర్ గారంతటి మృదంగ విద్వాంసులే చాలా ఏళ్లు ఆడవాళ్ల పాటకు వాయించలేదు. చివరికి గాయని డి.కె. పట్టమ్మాళ్ గారికి వాయించారు, తన కూతుర్ని ఆవిడ కొడుక్కిచ్చి వియ్యంకుడూ అయ్యారు! మన దండమూడి సుమతి గారికైతే 2021లో మృదంగానికే పద్మశ్రీ వచ్చింది. అయినా "ఆడదాని చేతిలో బలం ఉండదు" అనే మాట ఇంకా వింటావు.

దానికి జవాబు శ్రుతిలో ఉంది. గంట ముందే వెళ్లు. మృదంగం ఎడమవైపు అంటించే రవ్వ ముద్ద నీ చేత్తోనే పెట్టుకో. ఏసీ హాల్లో త్వరగా ఎండిపోతుంది, కాస్త తడి ముద్ద డబ్బాలో దగ్గరుంచుకో. కుడివైపు చుట్టూ ఎక్కడ కొట్టినా ఒకే శ్రుతి పలికేదాకా శ్రుతి చేసే రాయీ పుల్లా వదలకు. మైకులు రెండు అడుగు. కుడివైపు ఒక్కటే పెట్టి ఊరుకుంటారు, ఎడమవైపు పలికే గుంకీ నాదం వెనక వరుసలకి వినపడదు, అప్పుడు బలం లేదంటారు.

పట్టుచీర మీద మృదంగం జారుతుంది. నేత చీర కట్టుకో. ఫొటోల్లో బాగుండదని మీ అమ్మ గొడవ పెడితే నా పేరు చెప్పు.

మీ పెద్దమ్మ